కళ్లకు గంతలు కట్టుకొని చదివే పిల్లలు: పరీక్ష పెట్టాలంటే ఎట్ల పెట్టాలె?

#1 పరకాల_పత్తి
హనుమకొండ, కాజీపేట దిక్కు స్కూలు గేట్ల కాడ పాంప్లెట్లు పంచుతున్నరు. ‘మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్’ అట. రెండు రోజుల క్యాంపు, ఐదేండ్ల నుంచి పదిహేనేండ్ల పిల్లలకు. అయినంక పిల్లలు కళ్లకు గంతలు కట్టుకొని పుస్తకం చదువుతరట, పది రూపాయల నోటు మీది నంబరు చెప్తరట, రంగులు చెప్తరట. డెమో హాల్ల అందరి ముందే చూపిస్తున్నరు, పిల్లలు చదువుతున్న మాట నిజమే. తల్లిదండ్రులు వేలకు వేలు కడుతున్నరు.

నాకు వాదన వద్దు, పరీక్ష కావాలె. పిల్లలను చిన్నబుచ్చొద్దు. క్యాంపు పెట్టినాయన తర్వాత ‘గిది అన్యాయం’ అనే సందు ఉండొద్దు. ఏ సామాను కావాలె, ఎన్నిసార్లు చేయాలె, ఎన్ని కరెక్ట్ వస్తే శక్తి ఉన్నట్టు? తెలిసినోళ్లు విడమర్చి చెప్పుర్రి.

#2 కాజీపేట_జంక్షన్
ముక్కు పక్క సందు. అంతే.

#3 రామప్ప_ఇటుక
జంక్షన్ అన్న ఒక్క ముక్కల చెప్పిండు గానీ విప్పి చెప్పాలె. ముక్కు ముందుకు పొడుచుకొని ఉంటది, చెంప లోపలికి ఉంటది. గుడ్డ ఎంత బిగించి కట్టినా ముక్కుకు రెండు దిక్కుల సందు మిగులుతది. బియ్యపు గింజంత ఉన్నా చాలు. ఆ సందుల నుంచి చూపు కిందికి, ఒళ్లె పెట్టుకున్న పుస్తకం మీదికి పోతది.

డెమోల పిల్లలను గమనించుర్రి. కార్డును ముక్కు కాడికి తెచ్చుకొని వాసన చూస్తరు, చెంపకు రుద్దుతరు. వాసనతోని, స్పర్శతోని చదువుతున్నరని పక్కాయన చెప్తడు, కానీ కార్డు సరిగ్గ సందు కిందికి వచ్చేది అప్పుడే. తల కొంచెం వెనక్కి వాలుస్తరు. కనుబొమ్మలు మాటిమాటికి లేపుతరు, దాంతోని గంత అంగుళంల పావు వంతు పైకి జరుగుతది.

రెండు నిమిషాల తనిఖీ కావాలంటే కార్డును నొసలు కంటె ఎత్తుల పట్టి చదువుమనుర్రి. లేకుంటె గడ్డం కింద అడ్డంగ పరీక్ష అట్ట పెట్టుర్రి. అదీ కాకుంటె కిటికీలు మూసి లైటు బంద్ చేసి చదువుమనుర్రి. కళ్లతోని పని లేదన్నప్పుడు వెలుతురుతోని పనేంది?

#4 పరకాల_పత్తి
కండ్ల మీద దూది పెట్టి, పైన డాక్టర్ టేపు అతికించి, దాని మీద గంత కడితే సరిపోదా అన్నా?

#5 మైకా_ముక్క
సరిపోదు. అందరూ తప్పటడుగు వేసేది అక్కడే. మొహం మీద ఏం అతికించినా మొహం కదులుతుంది, చెమట పడుతుంది, టేపు అంచు లేస్తుంది. ఖుదా బక్ష్ అనే ఇంద్రజాలికుడు పిండి ముద్దలు, దూది, రేకు, తల నిండా చుట్టిన కట్లు, ఇవన్నీ పెట్టించుకుని మరీ చదివేవాడు. పిండి ముద్ద చూడటానికి గట్టి బందోబస్తులాగా ఉంటుంది గానీ కనుబొమ్మలు ముడిచి విప్పితే దాని పక్కన దారి ఏర్పడుతుంది.

1960ల మొదట్లో సోవియట్ దేశంలో రోజా కులెషోవా అనే అమ్మాయి వేళ్లతో అక్షరాలు చదువుతుందని ప్రపంచమంతా మారుమోగింది. 1966లో మార్టిన్ గార్డ్నర్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో తేల్చిన విషయం ఇదే: మొహానికి కట్టే ఏ గంతనూ నమ్మొద్దు. ఆయన చెప్పిన ఉపాయం తలకు తేలికపాటి అల్యూమినియం పెట్టె తొడగడం, అది భుజాల మీద ఆనాలి, ఊపిరికి పైన రంధ్రాలుండాలి.

చిన్న పిల్లల తల మీద పెట్టె పెట్టడం నాకు ఇష్టం లేదు, భయపడతారు. అందుకని తిరగేసి ఆలోచించండి. కళ్లను మూయొద్దు, చదవాల్సిన వస్తువును మూయండి. కాగితాన్ని మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి టేపు వేస్తే పిల్లవాడికి గంతే అక్కర్లేదు. కళ్లు తెరుచుకునే కూర్చోవచ్చు. ఎవరినీ అనుమానించినట్టు ఉండదు.

#6 కాజీపేట_జంక్షన్
గిది మంచిగున్నది. టిఫిన్ డబ్బా ప్రతి ఇంట్ల ఉంటది.

#7 భద్రకాళి_కట్ట
మీరంతా తీర్పు ముందే రాసుకుని సాక్ష్యం వెతుకుతున్నట్టుంది. ఈ పాంప్లెట్ల వాళ్లను నేను వెనకేసుకురావడం లేదు. అతీంద్రియ శక్తి అనగానే మోసం అనేయడం కూడా శాస్త్రం కాదంటున్నాను. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ 1930ల నుంచి కార్డులతో వేల కొద్దీ పరీక్షలు చేశాడు. పారాసైకాలజీ, అంటే అతీంద్రియ శక్తులను పరిశీలించే రంగం, దాని పరిశోధకుల సంఘాన్ని 1969లో అమెరికా సైన్స్ సంఘం సభ్యత్వంలోకి తీసుకుంది. మన తెలుగువాడే, కోనేరు రామకృష్ణారావు గారు రైన్ దగ్గర పనిచేసి వచ్చి 1967లో విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖ పెట్టారు. తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, 2011లో పద్మశ్రీ వచ్చింది. వీళ్లందరూ ముక్కు సందు తెలియని అమాయకులా?

#8 లెక్కల_సార్
భద్రకాళి గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. రామకృష్ణారావు గారిని ఎవరూ తక్కువ చేయలేదు. ఆ రంగం వాళ్లు తమ తప్పులు తామే వెతుక్కున్న సందర్భాలు చాలా ఉన్నాయి. అవి తెలిస్తే మన పరీక్ష బాగుపడుతుంది.

రైన్ వాడినవి జీనర్ కార్డులు, దాచిన కార్డు మీది గుర్తేదో చూడకుండా చెప్పాలి. కట్టకు 25, ఐదు గుర్తులు: వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం. గుడ్డిగా చెప్పినా సగటున 5 సరిపోతాయి, అటూ ఇటూ ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, 2. 7 వస్తే ఏమీ లేదు. 10 లేదా అంతకంటే ఎక్కువ రావడం వందలో సుమారు 1.7 సార్లు. 12 లేదా అంతకంటే ఎక్కువ, వెయ్యిలో ఒకటిన్నర సార్లు.

దీన్ని క్యాంపుకు వర్తింపజేయండి. 60 మంది పిల్లలు తలా 25 కార్డులు చెబితే ఒక్కరికైనా 10 రావడం మామూలే. ఆ ఒక్కరిని స్టేజీ ఎక్కిస్తే అద్భుతం. మిగతా 59 మంది ఊసు ఎవరూ ఎత్తరు.

మొదటి రోజుల్లో కార్డులు పలుచన, అచ్చు గట్టిగా పడటం వల్ల కొన్ని కోణాల్లో గుర్తు వెనక నుంచి కనిపించేది. చేత్తో కలిపితే సరిగ్గా కలవవు. ఒక్కో కార్డుకూ తప్పో ఒప్పో వెంటనే చెప్పేస్తే పరిస్థితి ఇంకా ఘోరం. మిగిలినవి ఏవో లెక్కపెట్టుకుంటూ పోయేవాడికి ఏ శక్తీ లేకుండానే సగటున 8.65 వస్తాయి. అందుకని చివరి దాకా ఏదీ తెరవొద్దు, ఏదీ చెప్పొద్దు.

#9 భద్రకాళి_కట్ట
రైన్ దగ్గర ఇదే కార్డులతో జరిగిన పియర్స్ పరీక్ష సంగతి? హ్యూబర్ట్ పియర్స్ ఒక భవనంలో, కార్డులు తీసే ప్రాట్ ఇంకో భవనంలో. 1850 సార్లు చెబితే 370 రావాల్సిన చోట 558 వచ్చాయి. అక్కడ కార్డు వెనక నుంచి కనిపించే ప్రశ్నే లేదు.

#10 లెక్కల_సార్
అంకెలు సరిగ్గా చెప్పారు. అది గుడ్డి అంచనాతో వచ్చే ఫలితం కాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ పియర్స్ ఉన్న గదిలో అతన్ని చూస్తూ ఎవరూ లేరు. హాన్సెల్ అనే మనస్తత్వవేత్త ఆ భవనాలకు స్వయంగా వెళ్లి చూసి, పియర్స్ తాను కూర్చున్న లైబ్రరీ నుంచి బయటికొచ్చి ప్రాట్ గదిలోకి తొంగి చూసే వీలు ఉందని చూపించాడు. చూశాడని రుజువు కాలేదు. చూడలేడనీ రుజువు కాలేదు. రెండో ముక్క కోసమే పరీక్ష పెడతాం, అదే లేకపోతే 558కి విలువ ఉండదు.

మన పరీక్షకు పాఠం: డబ్బాల గది దగ్గర ఒక మనిషి, పిల్లవాడి దగ్గర ఒక మనిషి తప్పనిసరి. ఆ ఇద్దరి మధ్య సైగ, ఫోను ఉండకూడదు.

#11 రామప్ప_ఇటుక
పరిశోధకుడే మోసం చేసిన కేసులు కూడ ఉన్నయి. లండన్ల సోల్ అనే లెక్కల పండితుడు 1941 నుంచి 43 దాక షాకిల్టన్ అనే ఆయన మీద చేసిన పరీక్షను మస్తు ఏండ్లు తిరుగులేని రుజువు అన్నరు. 1978ల బెట్టీ మార్క్‌విక్ కార్డుల వరుసకు వాడిన అంకెల పట్టికలను కంప్యూటర్ల వెతికితె, మధ్య మధ్యల అదనంగ ఇరికించిన అంకెలు దొరికినయి, అవే ఎక్కువ సరిపోయిన జవాబులు. ఆమె కూడ ఆ రంగం మీద ఇష్టమున్న మనిషే. రైన్ సంస్థల లెవీ అనే డైరెక్టర్ ఎలుకల పరీక్షల యంత్రాన్ని తారుమారు చేస్తుంటె 1974ల పట్టుకున్నది ఆయన కింద పనిచేసే సహాయకులే. రైన్ దాన్ని దాయలే, బయటికి చెప్పిండు.

#12 భద్రకాళి_కట్ట
అదే నేను చెప్పేది. తప్పులు దిద్దుకున్నారు, నియమాలు బిగించారు, 1970ల్లో గాంజ్‌ఫెల్డ్ అనే పరీక్ష వచ్చింది. కళ్ల మీద సగం కోసిన పింగ్‌పాంగ్ బంతులు, ఎర్ర లైటు, చెవుల్లో గుయ్యిమనే మోత. వేరే గదిలో ఒకరు బొమ్మ చూస్తూ ఉంటారు. తర్వాత నాలుగు బొమ్మల్లో ఏదో చెప్పాలి. నూటికి 25 రావాల్సింది, 1994లో బెమ్, హానర్టన్ ప్రకటించిన లెక్కలో 329 సార్లకు 106 సరైనవి, అంటే నూటికి 32. కంప్యూటరే బొమ్మ ఎంచింది. దీనికేమంటారు?

#13 మైకా_ముక్క
ఆ పని గౌరవించదగ్గదే. హైమన్ అనే విమర్శకుడు, హానర్టన్ ఇద్దరూ కూర్చుని 1986లో ఇకపై నియమాలు ఎలా ఉండాలో ఉమ్మడిగా రాసుకున్నారు. కానీ ఆ నియమాల తర్వాత జరిగిన 30 అధ్యయనాలను మిల్టన్, వైజ్‌మన్ 1999లో కలిపి లెక్కేస్తే గుడ్డి అంచనాకు మించి ఏమీ మిగల్లేదు. ఆ లెక్క మీద మళ్లీ వాదాలు నడిచాయి, అది వేరే కథ.

నా పాయింటు ఒకటే. ఆ 32ను యథాతథంగా ఒప్పుకున్నా, నాలుగు బొమ్మల్లో ఒకటి చెప్పడంలో కొద్దిపాటి తేడా అంతే. ఏళ్ల తరబడి, వందల మందితో, ప్రయోగశాలలో వెతికితే దొరికింది అది. పాంప్లెట్ చెప్పేది రెండు రోజుల్లో ప్రతి పిల్లాడూ పేజీకి పేజీ చదువుతాడని. రైన్ పేరు, రామకృష్ణారావు గారి పేరు చెప్పి ఆ పాంప్లెట్‌ను నిలబెట్టలేం.

#14 భద్రకాళి_కట్ట
ఈ చివరి మాటతో నాకు పేచీ లేదు. పాంప్లెట్ వేరు, పరిశోధన వేరు. కానీ నమ్మకం లేని వాళ్ల ముందు శక్తి పనిచేయదనే విషయం మీద కూడా పరిశోధన ఉంది. గెర్ట్రూడ్ ష్మైడ్లర్ 1940ల్లోనే నమ్మేవాళ్లకు కొంచెం ఎక్కువ, నమ్మనివాళ్లకు కొంచెం తక్కువ వస్తాయని చూపించింది. మీరు పెట్టే పరీక్షలో చుట్టూ నమ్మనివాళ్లే ఉంటే ఎలా?

#15 లెక్కల_సార్
దానికీ మార్గం ఉంది. పిల్లవాడి గదిలో నమ్మేవాళ్లనే కూర్చోబెట్టండి. తల్లి, శిక్షణ ఇచ్చిన సారు, ఎవరైనా సరే. డబ్బాలో ఏముందో వాళ్లకు తెలియనంత వరకు మనకు నష్టం లేదు. అనుమానం ఉన్నవాళ్లు కావలి మనిషి ఒక్కరు తప్ప బయట ఉంటారు, ఆ మనిషిని కూడా వాళ్లనే ఎంచుకోమందాం.

వైజ్‌మన్ నమ్మనివాడు, మారిలిన్ ష్లిట్జ్ నమ్మే పరిశోధకురాలు. ‘వెనక నుంచి ఎవరో చూస్తే తెలుస్తుందా’ అన్నదాన్ని ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పరికరాలతో చేశారు. 1997లో ఆమెకు ఫలితం వచ్చింది, ఆయనకు రాలేదు. 2006లో ప్రకటించిన పెద్ద ప్రయత్నంలో ఇద్దరికీ రాలేదు. గొడవపడకుండా కలిసి చేయడం అంటే అది.

#16 నర్సంపేట_మిర్చి
డబ్బాల ఏముందో గదిల ఉన్నోళ్లకు తెలవొద్దన్నరు కద, తెలిస్తె తెలియకుండనే సైగలు అందుతయి, గంగిరెద్దు గుర్తుకొచ్చింది. అయ్యవారు అడుగుడు, ఎద్దు తలూపుడు. డోలు దెబ్బ ఎట్ల పడితె తల అట్ల ఊగుతది.

#17 రామప్ప_ఇటుక
సరిగ్గ అదే. బెర్లిన్ల హాన్స్ అనే గుర్రం కూడికలు చేస్తదని 1904ల పెద్ద కమిటీ వేసిన్రు. యజమాని మోసగాడు కాదు, నిజంగనే నమ్మిండు. ఫుంగ్స్ట్ అనే ఆయన చూస్తె, జవాబు తెలిసిన మనిషి ఎదురుంగ ఉంటేనే గుర్రం డెక్కతోని సరైన లెక్క కొట్టేది. సరైన అంకె రాంగనే అడిగినోళ్ల తల వెంట్రుకవాసి లేస్తుండె. ఇక్కడ తల్లి మొహమే ఆ డోలు. పిల్లగాడు ‘ఎరుపు’ అనబోతుంటె ఆమె కండ్లు మెరుస్తయి. ఆమె తప్పేం లేదు. అందుకే గదిల ఎవ్వరికీ జవాబు తెలవొద్దు.

#18 ఎనుమాముల_నరాలు
పేరు గురించి ఒక మాట. మిడ్ బ్రెయిన్ అంటే మెదడు కాండం పై భాగం, పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. కళ్లు ఎటు తిరగాలి, పెద్ద చప్పుడు వస్తే తల ఎటు తిప్పాలి, కంటిపాప ఎంత తెరుచుకోవాలి, మనిషి మెలకువగా ఉండాలా అనేవి అది చూసుకుంటుంది. డోపమైన్ తయారు చేసే నల్లటి కణాల గుంపు కూడా అక్కడే, అవి చచ్చిపోతే పార్కిన్సన్ వస్తుంది. అది ‘నిద్రపోతూ’ ఉంటే పిల్లవాడు కోమాలో ఉంటాడు. బడికి నడిచి వచ్చే ప్రతి పిల్లకీ అది యాక్టివేట్ అయ్యే ఉంది.

ఒక భయం కూడా చెప్పాలి. ‘నీకు గంతతో కనిపిస్తుంది’ అని పెద్దలు అంటుంటే, తోటి పిల్లలు చదువుతుంటే, ఏమీ కనిపించని పిల్లవాడు తనలోనే లోపం ఉందనుకుంటాడు. సందు దొరికిన పిల్లవాడు దాన్ని కడుపులో దాచుకుంటాడు. చూపు మందగించిన పిల్లలకు ఇదే వైద్యమని చెప్పి కళ్లజోడు, కంటి పరీక్ష మానిపిస్తే నష్టం పూడ్చలేం.

#19 నర్సంపేట_మిర్చి
గిదే పద్ధతి బోరు పాయింట్లకు పనికొస్తదా? అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని నడుస్తరు, కాయ నిలబడ్డ కాడ నీళ్లున్నయంటరు. కొందరు వేప పుల్ల, కొందరు రాగి కడ్డీలు. అదైతె నిజంగ లేస్తది, కండ్లతోని చూసేదే.

#20 సర్వే_గొలుసు
కాయ లేచే మాట నిజం. అరచేతుల అడ్డం పడుకున్న కాయ స్థిరంగ ఉండదు, వేళ్ల కాడ కొంచెం వంపు మారితె చాలు. మనిషి కావాలని చేయడు, ‘ఇక్కడుంటది’ అని మనసుకు తోచంగనే కండరం తనకు తానే కదులుతది. దీన్ని కార్పెంటర్ 1852లనే ఐడియోమోటార్ అన్నడు. కొలవాల్సింది కాయ లేచుడు కాదు, కింద నీళ్లుండుడు.

జర్మనీల మ్యూనిక్ కాడ 1987, 88లల పెద్ద పరీక్ష చేసిన్రు. సుమారు 500 మందిల నుంచి 43 మందిని ఏరి, ఒక కొట్టంల కింది అంతస్తుల నీళ్ల పైపును బండి మీద జరుపుకుంట, పై అంతస్తుల నడిచేటోళ్లను ఎక్కడుందో చెప్పుమన్నరు. 843 సార్లు. చేసినోళ్లు కొందరికి శక్తి ఉందన్నరు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అదే లెక్కను మళ్లీ చూస్తె, అందరికన్న మంచిగ చెప్పినాయన కూడ ‘నడిమధ్య’ అని కండ్లు మూసుకొని చెప్పేటోని కంటె సగటున 4 మిల్లీమీటర్లే దగ్గర, 10 మీటర్ల దారి మీద. కాసెల్‌ల 1990ల 30 మందికి అర మీటరు లోతుల పైపు పాతి పెట్టిన పరీక్షల కూడ గుడ్డి అంచనాయే వచ్చింది.

మన దిక్కు సంగతి వేరే ఉంది. హనుమకొండ, జనగామ చుట్టుముట్టు గ్రానైటు. నీళ్లు పైనున్న మొరం పొరల, కింద పగుళ్లల ఉంటయి. భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు బొగ్గుతోని ఉండే ఇసుకరాయి, దాంట్ల చానా చోట్ల నీళ్లు పడతయి. ఆడ కాయ పట్టినోడు పెద్దోడైతడు, ఈడ పట్టినోడు మాట పడతడు. కాయ లేవని చోట కూడ బోరేసి చూసినోళ్లెవరు? అది లేకుంటె పోలిక లేదు.

#21 నర్సంపేట_మిర్చి
మరి మిషన్‌తోని చూసుడు?

#22 సర్వే_గొలుసు
నాలుగు కడ్డీలు నేలల దిగ్గొట్టి, బయటి రెంటిల కరెంటు పంపి, లోపలి రెంటి నడుమ వోల్టేజి కొలుస్తరు. బయటి కడ్డీల దూరం పెంచుకుంట పోతె లోతు సంగతి తెలుస్తది. గట్టి గ్రానైటు కరెంటును బాగ అడ్డుకుంటది, వేల ఓమ్-మీటర్లు చూపిస్తది, నీరున్న మొరం పదుల నుంచి వందల దాక. అదీ పూచీ కాదు, బెత్తెడు పగులు తప్పిపోవచ్చు. కానీ ఎందుకు తప్పిందో చెప్పొచ్చు. కొబ్బరికాయ పరీక్షకు పది పెయింట్ బకెట్లు తీసుకోర్రి, ఒక్కదాంట్ల నీళ్లు, తొమ్మిదిట్ల అంతే బరువు ఇసుక, అన్నిటికి మూతలు. పది సార్లు. గుడ్డిగ చెప్తె ఒకటి సరిపోతది, 4 రావుడు వందల ఒక్కసారి. 5 అని ముందే రాసుకోర్రి. ‘నిలువ నీళ్లకు కాయ లేవదు’ అంటరు, అందుకని మొదలు మూత తీసిన బకెట్ కాడ లేస్తదో లేదో చూపించుమనుర్రి.

#23 జగిత్యాల_దారి
బోరు పోతే పైసలు పోతయి. మంత్రాల మీద నమ్మకం ముదిరితె పానాలు పోతయి. 2022 జనవరిల జగిత్యాలల మంత్రాలు చేస్తున్నరన్న నెపంతోని ఒకే ఇంట్ల తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపేసిన్రు. ఊర్లె వరుసగ జరాలొచ్చినా, ఫిట్స్ వచ్చినా, బర్రె చచ్చినా ఒంటరి ముసలామె మీదనో, ఇంటి పక్కోళ్ల మీదనో పడతరు. మహారాష్ట్రల 2013ల, కర్ణాటకల 2017ల వచ్చినట్టు మన కాడ ప్రత్యేక చట్టం లేదు.

‘శక్తి ఉంది’ అన్న మాట హాల్ల చప్పట్లకు వాడినా, చెట్టు కింద పంచాయితికి వాడినా వేరు ఒక్కటే. గంతతోని నంబరు చదివే పిల్ల ఉందని నమ్మినోడు, కండ్లతోని కీడు చేసే ముసలామె ఉందని నమ్మకుండ ఎట్ల ఉంటడు?

#24 భద్రకాళి_కట్ట
ఇది మాత్రం ఒప్పుకోలేను. ధ్యానం చేసేవాళ్లనూ, పారాసైకాలజీ చదివేవాళ్లనూ ఆ హంతకుల పక్కన నిలబెట్టొద్దు. నమ్మకం ఉండటం ఒకటి, నెపం వేయడం ఇంకొకటి.

#25 జగిత్యాల_దారి
మనుషులను పక్క పక్కన నిలబెట్టలే అక్కా. రెండు చోట్ల అడగని ప్రశ్న ఒక్కటే అంటున్న: ‘నీకెట్ల తెలిసింది?’ గది అడిగే అలవాటు పిల్లలకు ఇయ్యే డబ్బా పరీక్షతోనే మొదలైతదని నా ఆశ. ఎవరి మీదన్న మంత్రాల మాట మొదలైందని తెలిస్తె మాత్రం ఆగొద్దు, వెంటనే 100కో 112కో ఫోన్ చేయాలె, ఆ ఇంటోళ్లను ముందు వేరే ఊరికి దాటియ్యాలె. జరమొచ్చినోళ్లను దవాఖానకు తీసుకపోవాలె.

#26 ఎనుమాముల_నరాలు
రాత్రి ఎవరో ఛాతి మీద కూర్చున్నట్టు, కదలలేనట్టు అనిపించడాన్ని కూడా మన దగ్గర చేతబడి ఖాతాలో వేస్తారు. కలల నిద్రలో ఒంటి కండరాలు వదులుగా కట్టేసినట్టు ఉంటాయి. మెదడు ముందు మేలుకుని, ఒళ్లు తర్వాత మేలుకుంటే అలా అనిపిస్తుంది. నిమిషం, రెండు నిమిషాల్లో వదులుతుంది. నిద్ర తక్కువైనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. పక్కకు తిరిగి పడుకుంటే చాలామందికి తగ్గుతుంది.

#27 ఓరుగల్లు_రసాయనం
మంత్రగాళ్లు చూపించే మహిమల వెనక రసాయనాలుంటయి. నిమ్మకాయ కోస్తె నెత్తురు వచ్చుడు: కత్తికి ముందే మందార పూల రసం రుద్ది ఆరబెడతరు, నిమ్మ పులుపు తగలంగనే ఎర్రగైతది. హోమం తనకు తానే అంటుకునుడు: సమిధల నడుమ పర్మాంగనేట్ పొడి, నెయ్యి అని పోసేది గ్లిసరిన్. కొన్ని సెకన్లు ఆగి మంట లేస్తది, పొడి మెత్తగుంటె తొందరగ, చలికాలం ఆలస్యంగ. మంత్రం ఎంత పొడుగుంటదంటె ఆ ఆలస్యం అంత. చేతుల నాణెం వేడెక్కి బూడిదైతె మాత్రం దూరం జరుగుర్రి. అల్యూమినియం మీద పాదరసపు లవణం రుద్దుతరు, అది విషం, పిల్లల చేతికి అసలు ఇయ్యొద్దు.

#28 కాజీపేట_జంక్షన్
జాతకాల మీద కూడ గిట్లాంటి పరీక్ష జరిగింది కద?

#29 లెక్కల_సార్
అవును, పుణెలో జయంత్ నార్లికర్ గారి బృందం. 100 మంది తెలివైన పిల్లల, 100 మంది మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు సేకరించి కలిపేశారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 ఇచ్చి ఏది ఏదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు, సగటున నూటికి 46 సరిపోయాయి. నాణెం ఎగరేస్తే 50. ఆ పరీక్ష అందంగా ఉంది, పుట్టిన వివరాలు సేకరించిన వాళ్లకు తప్ప జాతకం ఎవరిదో మధ్యలో ఎవరికీ తెలియదు.

ఇక పరకాల గారి అసలు ప్రశ్నకు వస్తున్నా. రంగుల కార్డులు వాడొద్దు, లెక్కలు చెప్పి జనాన్ని ఒప్పించడం కష్టం. వాళ్లు నోటు నంబరు చదువుతామన్నారు కాబట్టి నాలుగంకెల నంబరే పెట్టండి. గుడ్డిగా ఒక్కటి సరిపోవడం పదివేలలో ఒకసారి. పది డబ్బాల్లో ఎనిమిది చెబితే శక్తి ఉన్నట్టు అని రాసుకోండి. రెండు సరిపోయినా మర్నాడే కొత్త డబ్బాలతో మళ్లీ చేయాల్సినంత పెద్ద విషయం, ఆ మాట కూడా కాగితం మీద ఉండాలి.

0 నుంచి 9 దాకా ఒకే సైజు చిట్టీలు చెంబులో వేసి, నాలుగుసార్లు తీయండి, తీసిన ప్రతిసారీ మళ్లీ లోపల వేసి కలపండి. మనసుకు తోచిన నంబరు రాస్తే బండి నంబర్లు, పుట్టిన సంవత్సరాలు వస్తాయి. ఇది ఒక గదిలో ఇద్దరు చేయాలి, ఒకరు వాళ్ల మనిషి, ఒకరు మీ మనిషి. కాగితాన్ని నల్ల చార్టు ముక్కల మధ్య పెట్టి డబ్బాలో వేసి, మూత చుట్టూ టేపు, టేపు మీద ఇద్దరి సంతకాలు. కవర్లు వద్దు, స్పిరిట్ తడిపితే కాగితం పారదర్శకమవుతుంది, ఆరాక జాడ ఉండదు. ఆ ఇద్దరూ తర్వాత పిల్లవాడి కంట పడకూడదు. ఏమీ చూడని మూడో మనిషి డబ్బాలు మోసుకెళ్లాలి. జవాబు పిల్లవాడే రాయాలి, డబ్బాకు ఐదు నిమిషాలు. పదీ అయ్యాకే తెరవాలి. గోడ గడియారం కనిపించేలా మొత్తం ఒకే వీడియో, మధ్యలో ఆపితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

#30 మైకా_ముక్క
సార్ చెప్పినదానికి ముందు ఇంకో మెట్టు. మొదట అదే డబ్బాను మూత తీసి పెట్టి, గంత కట్టుకుని చదవమనండి. పిల్లవాడు చదువుతాడు. అప్పుడు శిక్షణ ఇచ్చిన సారును అడగండి: ఈ గది బాగుందా, ఈ డబ్బా బాగుందా, పిల్లవాడు అలిసిపోలేదు కదా, ఇక్కడెవరైనా అడ్డమా? ‘అంతా బాగుంది’ అని సంతకం పెట్టాక మూత పెట్టండి. స్టీలు శక్తిని ఆపుతుందంటే మందపాటి అట్ట డబ్బా వాడండి, కానీ అది మూత తీసినప్పుడే చెప్పాలి. మెరిసే పళ్లేలు, కళ్లజోళ్లు, ఫోను తెరలు బల్ల దగ్గర ఉండొద్దు.

#31 పాత_బస్‌డిపో
పరీక్షకు ఒప్పుకోకపోతే? డబ్బులు కట్టినోళ్లకు దారి ఉంది. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన కూడా నేరమే. జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. 1915కు ఫోన్ చేస్తే ముందు రాజీ ప్రయత్నం చేస్తారు. పాంప్లెట్, రసీదు, వాట్సాప్‌లో వాళ్లు పెట్టిన డెమో వీడియో మూడూ దాచిపెట్టండి. రసీదు ఇవ్వకపోతే ఫోన్‌పే లెక్క చాలు.

#32 పరకాల_పత్తి
అందరు చెప్పింది ఒక్క కాగితం మీద ఎక్కించిన. పది స్టీలు డబ్బాలు, నల్ల చార్టు రెండు, గోధుమరంగు టేపు, చెంబు, చిట్టీలు, రెండు గదులు, నలుగురు మనుషులు. ఎనిమిది వస్తే ఒప్పుకుంటమని మా దిక్కు నుంచి సంతకం. ఇంకేమన్న మరిచిపోయిన్నా?

#33 ఎనుమాముల_నరాలు
ఫలితం పిల్లవాడి ముందు చదవొద్దు. పది డబ్బాలు అయిపోగానే ‘బాగా కూర్చున్నావు’ అని చెప్పి ఆడుకోవడానికి బయటికి పంపండి, తర్వాత తెరవండి. ముక్కు సందు మాట పిల్లవాడి దగ్గర ఎవరూ ఎత్తొద్దు. అది అడగాల్సింది పెద్దవాళ్లను.

#34 రామప్ప_ఇటుక
ఇంకొకటి. పదికి తోడు రెండు ఖాళీ డబ్బాలు కలపుర్రి, అట్లనే టేపు వేసి, సంతకం పెట్టి. ఖాళీయి కూడ ఉంటయని ముందే అందరికి చెప్పాలె, దాచి పెడితె అది మన మోసమైతది. డబ్బాల బరువు తేడా తెలవకుండ వాటిల కూడ అంతే చార్టు పెట్టాలె. ఊపి చూస్తె కాగితం గలగల వినపడొద్దు, లోపల దూది కుక్కుర్రి.